కొత్తవాడలో కండెలు చుట్టే ఆడవాళ్ళకు గ్రాంటు ఎట్లా వచ్చింది: ఒక కేస్ స్టడీ

ముందే చెప్పేస్తా, గ్రాంటు వచ్చింది, కానీ అడిగినంత రాలేదు. 9 లక్షలు అడిగితే 6.5 లక్షలు ఇచ్చారు, అదీ విడతల్లో. అయినా ఈ కేసు వివరంగా రాయాలనిపించింది. వరంగల్, హనుమకొండ, జనగామ వైపు చిన్న సొసైటీలకు అప్లికేషన్లు రాసిపెట్టడం నా పని. మామూలుగా డబ్బులిచ్చేవాళ్ళు మొదటి పేజీ చదువుతారు, లబ్ధిదారులు ఎంతమంది అని చూస్తారు, ఫొటోలు అడుగుతారు. ఈ ప్రాంతీయ కమ్యూనిటీ ఫౌండేషన్ వాళ్ళు మాత్రం సమానత్వం మీద పనిచేస్తామని చెప్పుకోవడమే కాదు, అప్లికేషన్ తెరవగానే కమిటీ జాబితా, బడ్జెట్ పక్కపక్కన పెట్టుకుని చదివారు. మధ్యలో మనం సమన్యాయం గురించి ఎంత అందమైన పేరాలు రాసినా ఆ రెండు కాగితాలు వేరే కథ చెప్తుంటే ఇట్టే పట్టేస్తారు. ఫౌండేషన్ పేరు, సొసైటీ పేరు రాయట్లేదు. పని ఇంకా నడుస్తోంది, వాళ్ళ మధ్యలోకి నేను దూరడం బాగుండదు.

కొత్తవాడ గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. వరంగల్ జంపఖానాలు నేసేది ఇక్కడే, వీటికే 2018లో వరంగల్ దర్రీలు అనే పేరుతో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మగ్గం మీద కూర్చున్న మనిషి అందరికీ కనిపిస్తాడు, ఫొటోలో పడేదీ ఆయనే. ఆయన నాడె ఆడాలంటే ముందు ఎవరో ఒకరు నూలు చిలపలు విప్పి, రాట్నం మీద కండెలు చుట్టిపెట్టాలి, అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు చుట్టాలి. అది ఆడవాళ్ళ పని. సొంతింటి మగ్గానికి చుడితే దానికి కూలి అనే మాటే లేదు, ఇంటి పనిలో కలిసిపోతుంది. వేరేవాళ్ళ మగ్గానికి చుడితే ఎంతో కొంత చేతిలో పెడతారు. అలా బయటి మగ్గాలకు చుట్టేవాళ్ళలో భర్త పోయినవాళ్ళున్నారు, మగ్గం అమ్ముకున్న ఇళ్ళవాళ్ళున్నారు, పక్క గల్లీల్లోని ముస్లిం, ఎస్సీ ఆడవాళ్ళూ ఉన్నారు. సంక్షేమ హాస్టళ్ళ జంపఖానాల ఆర్డరు ఆలస్యమైతే నేతకారుడు ఒక వారం ఓపిక పడతాడు, ఈలోపు అతనింట్లో వాళ్ళే కండెలు చుట్టుకుంటారు, బయటివాళ్ళకు పని ఆ రోజే ఆగిపోతుంది.

సర్కారు లెక్కలో వీళ్ళు లేరా అంటే ఉన్నారు. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది చేనేత కార్మికులుంటే అందులో 8.48 లక్షల మంది అనుబంధ పనులవాళ్ళే. కాగితం మీద అనుబంధ కార్మికులు అనే గడి ఉంది. చిక్కల్లా గల్లీలో ఉంది. మన దగ్గర మగ్గానికి జియో ట్యాగ్ నంబరు వేస్తారు, ఆ నంబరు కింద పేరు ఎక్కాలంటే మగ్గం ఉన్నాయన "ఔ, ఈమె నా దగ్గర కండెలు చుడ్తది" అని చెప్పాలి. చెప్తే రేపు కూలి సంగతి కూడా బయటికొస్తుందని ఆయన భయం. అందుకని చాలామంది తమ ఇంటివాళ్ళ పేర్లే చెప్తారు. ఆయన్ని దుర్మార్గుడనలేం, ఆయన దగ్గరా మిగిలేది అంతంతే.

ఈ ఆడవాళ్ళు కొందరు కలిసి సొసైటీ పెట్టుకున్నారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు కాబట్టి పెట్టడం తేలికే, డబ్బు తేవడమే కష్టం. నా దగ్గరికి వచ్చేసరికి సొసైటీకి మూడేళ్ళు కూడా నిండలేదు. ఇక్కడే సగం దారులు మూసుకుపోతాయి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద వచ్చే సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సొమ్ము) కావాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) రెండూ ఉండాలి, అలాంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం చూపాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం నంబరూ తప్పనిసరి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ అయితే మూడేళ్ళ వయసుతో పాటు ఆ మూడేళ్ళలో 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. కొత్తవాడలో కండెలు చుట్టే ఆడవాళ్ళు 15 లక్షలు ఎక్కడి నుంచి ఖర్చుపెడతారు చెప్పండి.

మిగిలింది కమ్యూనిటీ ఫౌండేషన్. ఈ పద్ధతి 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదలుపెట్టింది: ఒక ఊరి, ఒక ప్రాంతం దాతల డబ్బు ఒకచోట చేర్చి, ఆ ప్రాంత అవసరాలకే పంచడం. మన దేశంలో ఇవి ఇంకా తక్కువ. వీటిలో మంచేమిటంటే చిన్న సొసైటీని చూసి మొహం తిప్పుకోరు. ఇబ్బందేమిటంటే ఇచ్చేది తక్కువ, ఆ తక్కువకు అడిగే ప్రశ్నలు ఎక్కువ.

అప్లికేషన్ మొదలుపెట్టకముందే నేను ఫౌండేషన్ వాళ్ళను అడిగేది ఒక్కటే, డబ్బు ఎక్కడిది అని. మొహమాటపడకుండా అడగాలి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం సవరించాక విదేశీ విరాళంగా వచ్చిన సొమ్మును ఒక సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు, అవతలి సంస్థకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. మన వైపు ఇందులో ఇంకో మెలిక ఉంది. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో దుబాయ్ పోయి పనిచేసే మనిషి ఇండియా పాస్‌పోర్టు మీదే ఉంటాడు, ఆయన తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే హనుమకొండలో పుట్టి పెరిగి అమెరికా పౌరసత్వం తీసుకున్నాయన పంపితే, ఆయన ఎంత మనవాడైనా అది విదేశీ సొమ్మే. దాతలకు ఈ తేడా తెలియదు, ఒక్కోసారి ఫౌండేషన్లో కింది స్టాఫుకూ తెలియదు. వీళ్ళు మాత్రం దేశీయ విరాళాల ఖాతా వేరుగా ఉందని, గ్రాంటు అందులోంచే వస్తుందని రాసి ఇచ్చారు. ఆ మెయిలు ప్రింటు తీసి ఫైల్లో పెట్టించా.

సొసైటీ దగ్గర అప్పటికే ఒక డ్రాఫ్టు ఉంది, తెలిసిన సార్ ఒకాయన రాసిచ్చాడట. కరెంటు రాట్నాలు కొనాలి, శిక్షణ ఇవ్వాలి, మహిళలు సాధికారత సాధిస్తారు, ఇదీ సారాంశం. తెలుగులో ఇట్లాంటి ప్రపోజల్ రాయడం ఎవరికైనా వచ్చు, పేర్లు మార్చి నిర్మల్ బొమ్మలకు పెట్టినా అతుకుతుంది. ఫౌండేషన్ ఫారంలో అడిగిన ప్రశ్నలు వేరు. ఈ సమస్య ముఖ్యమైనదని తేల్చింది ఎవరు? డబ్బు ఎట్లా ఖర్చుపెట్టాలో నిర్ణయించేది ఎవరు? మీరు చేసే పని వల్ల ఎవరికైనా నష్టం జరిగే అవకాశం ఉందా? మూడో ప్రశ్న దగ్గర చాలా సంస్థలు "లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాయి. నా అనుభవంలో మార్కులు పోయేది అక్కడే.

సార్ డ్రాఫ్టు పక్కన పెట్టి ఆడవాళ్ళతో కూర్చున్నాం. పగలు కుదరదు, రాత్రి అన్నాలు అయ్యాక ఒకరింటి ముందు గద్దె మీద. నేను కూలి ఎంత వస్తుందని అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు, "ఏమొస్తదమ్మా, చాయ్ పత్తి ఖర్చులకు" అంటారు. అప్పుడు ఒక పెద్దావిడ లేచి నన్ను ఇంట్లోకి పిలిచి తలుపు వెనక చూపించింది. పైనుంచి కిందదాకా సుద్ద గీతలు. బుట్టెడు కండెలకు ఒక గీత, ఐదో గీత అడ్డంగా. ఏ ఇంటికి చుట్టిందో గుర్తుండటానికి గీతల పక్కన బొమ్మలు: వేప చెట్టున్న ఇంటికి చెట్టు, కిరాణం ఉన్న ఇంటికి తక్కెడ. డబ్బులు ముట్టిన గీతలను తడిబట్టతో తుడిచేస్తుంది. తుడవని గీతలు తలుపు సగం ఉన్నాయి.

ఆ తలుపును ఫొటో తీశాం, అప్లికేషన్‌కు జత చేసిన మొదటి కాగితం అదే. తర్వాత నెల మొత్తం తొమ్మిది ఇళ్ళలో నోటుబుక్కులు పెట్టించి కండెలు, గంటలు, ముట్టిన పైసలు రాయించాం. రాయడం రానివాళ్ళకు సెక్రటరీ రాసిపెట్టింది, ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. గంటకు ఎంత పడుతోందో లెక్క తేలాక గద్దె మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. అప్పటిదాకా కరెంటు రాట్నాలు కావాలన్నవాళ్ళే ముందు కూలి రేటు సంగతి, గుర్తింపు సంగతి తేలాలన్నారు. అంటే అప్లికేషన్లో మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది, అది నేను రాసింది కాదు.

ఇప్పుడు కమిటీ సంగతి. కాన్సెప్ట్ నోటు (పూర్తి అప్లికేషన్‌కు ముందు పంపే చిన్న సారాంశం) పంపాక ఫౌండేషన్ ప్రోగ్రాం ఆఫీసరు ఫోన్ చేసి ఎక్కువేం అడగలేదు. "మీ కమిటీలో మగ్గం ఉన్న ఇళ్ళవాళ్ళు ఎందరు, లేనివాళ్ళు ఎందరు?" అంది. చూసుకుంటే ఏడుగురిలో ఐదుగురు మగ్గం ఉన్న ఇళ్ళవాళ్ళు, ఏడుగురూ ఒకే కులం. ఎవరూ కుట్ర చేసి పెట్టింది కాదు, సొసైటీ పెట్టేటప్పుడు ఆధార్ కార్డు పట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు రాగలిగినవాళ్ళు వాళ్ళే. కానీ మగ్గం ఉన్న ఇంటామె, ఆ ఇంటికి కండెలు చుట్టే ఆమె ఒకే కమిటీలో కూర్చుంటే కూలి పెంచాలన్న తీర్మానం మీద ఎవరు సంతకం పెడతారు? ఆఫీసరమ్మ అడిగింది ఆ సంగతే.

దీని మీద గొడవయింది. పెద్దగానే అయింది. "మేం కష్టపడి పెట్టిన సంఘం, ఇప్పుడు మేమే దిగిపోవాల్నా" అని ఒక వ్యవస్థాపక సభ్యురాలు ఏడ్చినంత పని చేసింది, ఆమె బాధలో న్యాయం లేకపోలేదు. చివరికి ఆమెనే కోశాధికారిగా ఉంచి, బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, కమిటీలో సగానికి పైగా మగ్గం లేని ఇళ్ళ నుంచే ఉండాలని, పక్క గల్లీల వాళ్ళకూ సభ్యత్వం ఇవ్వాలని జనరల్ బాడీలో తీర్మానం చేశారు. కూలి రేట్ల మీద మాట వచ్చినప్పుడు మగ్గం ఉన్న ఇంటివాళ్ళు ఓటు వేయకూడదనే ముక్క కూడా చేర్చారు, ఆ ఐడియా సెక్రటరీ అమ్మాయిది. తీర్మానాల పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు, సవరించిన బైలాస్ రిజిస్ట్రార్ దగ్గర దాఖలు, అక్కడ సర్వర్ డౌన్, మళ్ళీ రమ్మనడం, ఆ తిప్పలు మీకు తెలిసినవే. ఈలోగా గడువు బతుకమ్మ రోజుల్లోకి వచ్చి పడింది. సవరణ పూర్తయిన కాగితం చేతికి రాకపోయినా తీర్మానం నకలు, దాఖలు రసీదు పెట్టి పంపేశాం, అది సరిపోయింది.

బడ్జెట్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ కేసులో గ్రాంటు తెచ్చింది బడ్జెట్టే అని నా గట్టి నమ్మకం. అధ్యక్షురాలు ఒక సాయంత్రం మీటింగులో అన్నమాట ఇది: "మీటింగుకు అస్తే ఆ పూట కండెలు పోతయ్. ఆ పైసలు ఎవలిస్తరు?" మామూలుగా ఇట్లాంటి బడ్జెట్లలో మీటింగు అంటే బ్యానర్, చాయ్, బిస్కెట్, ఫొటోగ్రాఫర్. కోఆర్డినేటర్‌కు జీతం ఉంటుంది, ఫీల్డుకు వచ్చే నాలాంటివాళ్ళకు పెట్రోలు ఉంటుంది, రోజు కూలి వదులుకుని వచ్చి కూర్చున్న మనిషికి ఏమీ ఉండదు. మేం మొదటి లైనే అది పెట్టాం: కమిటీ సమావేశానికి వచ్చే సభ్యురాలికి ఆ పూట కూలి నష్టం. రేటు ఎట్లా వచ్చిందంటే నోటుబుక్కుల లెక్క నుంచే. రెండో లైను, సమావేశాల టైములో చిన్నపిల్లలను, మంచాన ఉన్న ముసలివాళ్ళను చూసుకునే మనిషికి కూలి, ఆ మనిషీ సభ్యుల్లోంచే. తర్వాత పక్క గల్లీల నుంచి రాత్రిపూట తిరిగి వెళ్ళడానికి ఆటో కిరాయి. నెలకోసారి వచ్చి లెక్కలు చూసే అకౌంటెంటు ఫీజు. వానాకాలంలో గుంట మగ్గాల్లో నీటి చెమ్మ పట్టి పని ఆగే రోజులకు సభ్యులు వాడుకుని తిరిగి కట్టే చిన్న నిధి. కరెంటు రాట్నాలు చివర్న పెట్టాం. నా ఫీజు మాత్రం బడ్జెట్లో పెట్టలేదు, అది సొసైటీ సభ్యత్వ రుసుముల్లోంచి ముందే ఇచ్చారు. గ్రాంటు వస్తే ఇంత శాతం అని మాట్లాడుకునే కన్సల్టెంట్లు వరంగల్‌లో చాలామంది ఉన్నారు, దయచేసి వాళ్ళ దగ్గరికి పోకండి.

నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు నిజమే రాశాం. కూలి రేటు పెరిగితే చిన్న నేతకారుల మీద భారం పడొచ్చు, వాళ్ళు బయటి చుట్టుడు మానేసి ఇంట్లోవాళ్ళతోనే చేయించుకోవచ్చు, అప్పుడు మగ్గం లేనివాళ్ళకు ఉన్న పనీ పోవచ్చు. దానికి విరుగుడుగా ఒకే మగ్గం ఉన్న ఇళ్ళతో ముందు మాట్లాడతామని, పది మగ్గాలు నడిపే మాస్టర్ వీవర్లతోనే రేటు బేరం మొదలుపెడతామని రాశాం. మా దగ్గర అన్నిటికీ జవాబు ఉందని మాత్రం రాయలేదు.

వాళ్ళు చూడటానికి వచ్చినప్పుడు దండలు, శాలువాలు వద్దని ముందే చెప్పారు, అయినా ఎవరో ఒక శాలువా తెచ్చారు, అది అట్లాగే సంచిలో ఉండిపోయింది. వచ్చినవాళ్ళు బడ్జెట్ కాగితం నా చేతిలోంచి తీసుకుని అధ్యక్షురాలికి ఇచ్చారు. ఆమెకు చదవడం రాదు. సెక్రటరీ ఒక్కో లైను చదువుతుంటే ఆమె ఎందుకు పెట్టారో చెప్పుకుంటూ పోయింది, ఒకచోట ఆగి "ఈ ఆటో కిరాయి ఎక్కువ రాసినం, షేర్ ఆటోల పోతే ఇంత కాదు" అని అక్కడికక్కడే తగ్గించింది. నాకు గుండె ఆగినంత పనయింది, ఆఫీసరమ్మ మాత్రం పెన్ను తీసి నవ్వుతూ రాసుకుంది. నన్ను అడిగిన ప్రశ్నలు దాదాపు లేవు. అది మంచి గుర్తు. ఫీల్డు విజిట్‌లో కన్సల్టెంటు ఎక్కువ మాట్లాడితే ఆ అప్లికేషన్ పని అయిపోయినట్టే.

ఒప్పందం వచ్చినప్పుడు కోత పడింది కరెంటు రాట్నాల మీదే. కారణం రాతపూర్వకంగా చెప్పారు: ఒక కరెంటు రాట్నం ఒక్కరి చేత కొందరి పని చేయిస్తుంది, మరి ఆ కొందరిలో పని పోయేది ఎవరికో సొసైటీ ఇంకా తేల్చుకోలేదు. కూలి నష్టం, పిల్లల సంరక్షణ లైన్లు ఒక్క రూపాయి తగ్గించలేదు. మాస్టర్ వీవర్లతో కూర్చుని మాట్లాడే సమావేశాలకు మేం అడగని మొత్తం కొంత కలిపారు. నాకు నచ్చని సంగతీ ఒకటుంది: రెండో విడత ఆర్నెల్ల నివేదిక తర్వాత అన్నారు, కానీ నివేదిక పంపాక సొమ్ము రావడానికి చాలా ఆలస్యమైంది, ఆ మధ్యలో కూలి నష్టం ఇవ్వడానికి కోశాధికారి తన చీటీ డబ్బులు సర్దింది. సమానత్వం గురించి ఇంత లోతుగా అడిగేవాళ్ళు విడత ఆలస్యమైతే ఆ భారం ఎవరి మీద పడుతుందో కూడా తమను తాము ప్రశ్నించుకోవాలి. ఈ మాట నివేదికలోనే రాశాం, తప్పు పట్టలేదు.

కాగితాల సంగతి త్వరగా. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్, పాన్, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల పోర్టల్) నంబరు, 12ఏ ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు, ప్రతి ఏడాది రిజిస్ట్రార్‌కు ఇచ్చే కమిటీ జాబితా. ఆఖరిదే అందరి దగ్గరా పెండింగు ఉంటుంది. బ్యాంకు ఖాతా ఇద్దరు లేదా ముగ్గురి ఉమ్మడి సంతకంతో పెట్టించండి, అందులో ఒకరు తప్పకుండా ఎవరి కోసం గ్రాంటు అడుగుతున్నారో ఆ మనిషి కావాలి. ఇక్కడ అధ్యక్షురాలు సంతకం నేర్చుకుంటానంది, బ్యాంకు వాళ్ళు వేలిముద్ర అయితే చెక్కుబుక్కు ఇవ్వడానికి సతాయించారు, ఆమె రాట్నం పక్కన పలక పెట్టుకుని నేర్చుకుంది. ఫైలు ఫొటోకాపీలు రెండు సెట్లు ఉండాలి, ఒకటి సొసైటీలో, ఇంకోటి ఇంకెవరింట్లోనైనా.

మొదటి ఏడాదిలో ఏం జరిగిందంటే, ఇద్దరు మాస్టర్ వీవర్లు కండెలకు రాతపూర్వక రేటు ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు చూద్దాం అంటున్నారు. కొందరి పేర్లు అనుబంధ కార్మికుల జాబితా కోసం చేనేత శాఖ ఆఫీసుకు పోయాయి, అక్కడ నోటుబుక్కుల నకళ్ళు బాగా పనికొచ్చాయి. ఒకే మగ్గం ఉన్న ఒక ఇంటాయన మేం భయపడ్డట్టే బయటి చుట్టుడు ఆపేశాడు, ఆ పని పోయిన ఆమెకు వానాకాలం నిధిలోంచి ఇచ్చారు, అది తిరిగి వస్తుందో లేదో చూడాలి. ఆ విషయం కూడా నివేదికలో ఉంది.

రెండో ఏడాది అప్లికేషన్‌లో కరెంటు రాట్నాలు మళ్ళీ అడగాలా వద్దా అని మొన్నటి సమావేశంలో ఓటు పెట్టారు. రెండే అడుగుదామని తేలింది. అవి సొసైటీ పేరు మీదే ఉంటాయి, మగ్గం లేని ఇళ్ళలో వంతులవారీగా పెడతారు, చుట్టిన కండెల కూలి వాటిమీద పనిచేసినవాళ్ళంతా సమంగా పంచుకుంటారు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర మాత్రం మాట తెగలేదు, వచ్చే వారం మళ్ళీ కూర్చుంటున్నాం.